ఆగి వెళ్లిపోయినవారు

డిపోకి పంపాల్సిన ఉత్తరాన్ని నేను పంపలేదు. టైపు చేశాను, కమిషనర్ గారి చేత సంతకం పెట్టించాను, కవరులో పెట్టి అంచు అతికించాను. ఆ తర్వాత నా బల్ల కింది సొరుగులో, పాత స్టాప్‌వాచీల పెట్టె అడుగున దాచి తాళం వేశాను. ఆ పని కోసం ఆరేళ్లు ఎదురుచూశాను.

నగరపాలక సంస్థ రవాణా విభాగంలో నేను సర్వే అధికారిని. అధికారి అన్నది పేరుకే, చేసేది లెక్కపెట్టడం. ఏ కూడలిలో గంటకి ఎన్ని బళ్లు, ఏ స్టాపులో ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు. పెద్దవాళ్లెవరైనా బస్సు ఎక్కి చూస్తామంటే రెండు రోజుల ముందు డిపోకి ఉత్తరం రాయడం కూడా నా పనే. ఉత్తరం అందితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఆ రోజు కడిగిన బస్సు వస్తుంది. ఇస్త్రీ చొక్కాతో డ్రైవరు వస్తాడు. చెప్పిన నిమిషానికి చెప్పిన చోట ఆగుతుంది. పెద్దమనిషి దిగి, చేతులు దులుపుకుని, "బాగానే ఉందే! జనం ఊరికే గోల పెడతారు" అంటాడు.

ఈసారి వస్తున్న పెద్దమనిషి ఆ మాట అనకూడదు. ఆయన రాష్ట్ర రోడ్ల శాఖ చీఫ్ ఇంజనీరు.

ఆరేళ్ల కిందట నగరం ఉత్తరపు అంచున కొత్త కాలనీలు లేస్తున్నప్పుడు నేను నలభై మూడు రోజులు అక్కడి బస్‌స్టాపుల్లో కూర్చుని ఒక సర్వే చేశాను. మామూలు ఫారంలో లేని రెండు గడులు నేనే గీసుకున్నాను. ఒకటి, నిరీక్షణ. రెండోది, ఆగి వెళ్లిపోయినవారు. బస్సు కోసం వచ్చి, చూసి చూసి, విసుగెత్తి వెనక్కి తిరిగిన మనుషులు. వాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. ఎక్కనివాణ్ణి ఎవరు లెక్కపెడతారు? ఆ రెండో గడి గీసిన రోజు నాకు నా మీద కొంచెం గౌరవం కలిగింది. అది నా జీవితంలో తరచుగా జరిగే సంగతి కాదు.

చీఫ్ ఇంజనీరు ఆ రిపోర్టుని ఇరవై మంది ఎదుట తెరిచాడు. ఎర్ర పెన్ను తీసి నా రెండు గడుల మీదా పైనుంచి కిందికి ఒకే ఒక్క గీత గీశాడు. "బస్సు చక్రం కదిలినప్పటి నుంచే ప్రయాణం. స్టాపులో కూర్చున్నవాణ్ణి కూడా ప్రయాణికుడంటే, మా ఇంట్లో సోఫా కూడా వాహనమేనయ్యా!" అన్నాడు. గది మొత్తం నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే, "ఎవరయ్యా ఈ గడియారాన్ని మీటింగులోకి తెచ్చింది?" అన్నాడు.

అంతే. ఆ మర్నాటి నుంచి నేను గడియారాన్ని. "గడియారం గారూ, టీ." "గడియారం సీట్లో ఉన్నాడా?" నా పేరు జీతం చీటీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

నా గడులు పోయాక బస్సు ప్రయాణం కాగితం మీద ముప్పై ఒక్క నిమిషం అయింది. ముప్పై ఒక్క నిమిషానికి కొత్త బస్సులెందుకన్నారు. రోడ్డు వెడల్పు చేశారు. ఉన్న బస్సుల్లో సగం వేరే రూట్లకి వెళ్లిపోయాయి.

ఆ కాలనీల్లో మా అక్క ఉంటోంది. అక్కడ ఇల్లు తీసుకోమన్నది నేనే. "ఎనిమిది నిమిషాలకో బస్సు వస్తుందక్కా, నా రిపోర్టులో రాశాను" అని గొప్పగా చెప్పాను. అప్పటినుంచి నేను గడపలో కాలు పెడితే చాలు, "ఏరా, నీ ఎనిమిది నిమిషాల బస్సు బయల్దేరిందా? ఆరేళ్లయిందిగా, ఈపాటికి వచ్చేస్తూ ఉండాలే" అంటుంది. నవ్వుతూనే అంటుంది. ఆలస్యాల వల్ల ఒక ఉద్యోగం పోగొట్టుకుని, కళ్లద్దాలు అరగదీసే వర్క్‌షాపులో రెండోది వెతుక్కుంది. అక్కడ పదిన్నరకి గేటు మూస్తారు. అక్క నవ్వినప్పుడల్లా నేను ఆ మనిషి మెడకి ఇంకో చుట్టు తాడు బిగించేవాణ్ణి. మనసులోనే. పగ పట్టినవాడికి తిండి, నిద్ర ఉండవంటారు కానీ, నాకు రెండూ బాగానే ఉండేవి. నా పగ నాతో పాటే తిని, నాతో పాటే నిద్రపోయి, నాకంటే ముందు లేచేది.

ఇప్పుడు ఆ కాలనీల జనం మూడింతలయ్యారు. ఏదో ఒకటి చేయక తప్పని స్థితి వచ్చింది. నగరం, రాష్ట్రం కలిసి ఒక కమిటీ వేసుకున్నాయి. రైలు మార్గం పన్నెండేళ్లు పడుతుందని మొదటి రోజే పక్కన పెట్టారు. మిగిలినవి రెండు. చీఫ్ ఇంజనీరు అడుగుతున్న ఫ్లైఓవరు, మా కమిషనర్ అడుగుతున్న బస్సుల వరస, అంటే రోడ్డు మధ్యలో బస్సులకి మాత్రమే విడిచిపెట్టే దారి. కమిటీకి అధ్యక్షురాలు రాష్ట్ర రవాణా కార్యదర్శి. సన్నగా, పొట్టిగా ఉండే మనిషి. ఆవిడకి రెండు అలవాట్లు. పదకొండు కాగానే మీటింగు గది తలుపు మూయిస్తుంది, ఆ తర్వాత ఎవరొచ్చినా బయటే. రెండోది, ఎవరు దేన్ని వద్దంటారో వాళ్ల చేత అదే చేయిస్తుంది.

"బస్సు కావాలంటున్నవారు కారులో రండి. కారుకి దారి కావాలంటున్నవారు బస్సులో రండి" అంది. "కాలనీ దగ్గర బయల్దేరి ఈ గది గుమ్మం దాకా. మొత్తం సమయం రాయించండి."

మొత్తం సమయం! ఆ మాట చెవిన పడగానే నా లోపల ఏదో లేచి నిలబడింది. ఆ సాయంత్రమే నా పాత ఫారం తీశాను. నా రెండు గడులూ మళ్లీ గీశాను. చీఫ్ ఇంజనీరు దాన్ని చదవకుండానే సంతకం పెట్టాడు. కమిషనర్ కారు వంతు ముందు రోజే అయిపోయింది, నలభై రెండు నిమిషాలు. బస్సు వంతు మీటింగు రోజు ఉదయానికి పడింది. దాన్ని ఆ రోజుకి వేసింది కూడా నేనే.

తొమ్మిదీ పదికి ఆయన కారు దిగి, డ్రైవర్ని పంపించేసి, స్టాపు రేకు నీడలోకి వచ్చాడు. నేను స్టాప్‌వాచీ నొక్కాను.

"మీరేనా సర్వే? ఎక్కడో చూసినట్టుందే" అన్నాడు.

"మీటింగుల్లో చూసుంటారు సార్."

"అయ్యుంటుంది, అయ్యుంటుంది."

ఆయనకి నేను గుర్తులేను. ఆరేళ్లుగా నా పేరుని మింగేసిన మాట తన నోట్లోంచి ఊడిపడిందని కూడా ఆయనకి గుర్తులేదు. అవమానించినవాడు మర్చిపోతే, ఆ అవమానాన్ని ఒక్కడే మోసుకు తిరగాలి. సగం బరువైనా పంచుకునే దిక్కు ఉండదు. సరే, ఇవాళ పంచుతాను అనుకున్నాను.

స్టాపులో ఇరవై ఏడుమంది ఉన్నారు. తొమ్మిదీ ఇరవైకి మా అక్క వచ్చింది. నన్ను చూసి కళ్లెగరేసింది. నేను చేతిలో ఉన్న అట్ట చూపించి తల అడ్డంగా ఊపాను. లెక్క తీసేవాడు ప్రయాణికులతో మాట్లాడకూడదు, అది మా పనిలో మొదటి నియమం. అక్కకి అది తెలుసు. "సరేలే దొరగారూ" అన్నట్టు మూతి తిప్పి, వెళ్లి బల్ల మీద చీఫ్ ఇంజనీరు పక్కనే కూర్చుంది.

నేను ఆయన ముఖం వైపే చూస్తూ నిలబడ్డాను. ఎండ రేకుని కాలుస్తోంది. బస్సు లేదు. ఇక నుదురు ముడిపడుతుంది, ఇక కాలు ఆడిస్తాడు, ఇక వాచీ చూసుకుంటాడు. ఒక్కొక్కటీ ఫారంలో రాసుకోవాలన్నంత ఆత్రంగా ఉంది నాకు.

ఏదీ జరగలేదు. ఆయన వెనక్కి వాలి, కాళ్లు చాపి, ఒళ్లు విరుచుకున్నాడు. "అబ్బ! ఇలా ఊరికే కూర్చుని ఎన్నేళ్లయిందో. ఫోన్లు లేవు, ఫైళ్లు లేవు" అన్నాడు ఎవరితోనని కాకుండా. పక్కనున్న ముసలాయన ఇచ్చిన మంచినీళ్లు తాగాడు. ఎదురుగా కడుతున్న భవనం చుట్టూ కట్టిన సారవ కర్రలు చూసి, అది ఎన్ని అంతస్తులు లేస్తుందో ముసలాయనతో పందెం కాశాడు. నవ్వాడు. పావుగంట, ఇరవై నిమిషాలు. నేను ఆరేళ్లు నూరిన విషాన్ని ఆ మనిషి షర్బతులా తాగుతున్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. నిరీక్షణ అంటే కూర్చోవడం కాదు. అవతలి కొసలో మనల్ని ఆలస్యమని రాసుకునే మనిషి ఒకడు ఉంటేనే అది నిరీక్షణ. ఆ మనిషి లేనివాడికి అది విశ్రాంతి. నలభై మూడు రోజులు స్టాపుల్లో కూర్చున్న నేను ఇంత చిన్న విషయాన్ని ఏ గడిలోనూ రాయలేదు.

"బస్సు రోజూ ఇంతేనామ్మా?" అని ఆయన మా అక్కని అడిగాడు.

"ఇంత అని ఉంటే బాగుండేదండీ. కొన్నాళ్లు ఇంత, కొన్నాళ్లు అంత."

"మరి ఆఫీసులో ఏమీ అనరూ?"

"అనరండీ. పదిన్నరకి గేటు మూసి, లేటని రాసుకుంటారు. నెలలో మూడుసార్లు లేటయితే ఇంటికి పంపించేస్తారు. ఇప్పటికి రెండు అయ్యాయి." తర్వాత మామూలుగా, "మా తమ్ముడికి చెప్పకండి. చెబితే ఊరికే ముఖం మాడ్చుకుని తిరుగుతాడు" అంది.

"మీ తమ్ముడెవరో నాకేం తెలుసమ్మా!" అని ఆయన నవ్వాడు. అక్క కూడా నవ్వింది. ఆ మాట ఎవరి చెవిన పడాలని అందో వాడు నాలుగడుగుల దూరంలో అట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు.

టైము తొమ్మిదీ ముప్పై ఆరు. డిపోలో ఎప్పుడూ ఒక అదనపు బస్సు సిద్ధంగా ఉంటుంది. కంట్రోలరు నాకు తెలిసినవాడు. నేను ఒక్క ఫోను చేస్తే పద్నాలుగు నిమిషాల్లో అది ఇక్కడికొస్తుంది. తొమ్మిదీ యాభైకి ఎక్కితే అక్క పదీ ఇరవై అయిదుకి గేటు దగ్గర ఉంటుంది. ఈ లెక్క నేను వేయలేదు. ఎన్నో ఏళ్ల అలవాటు వల్ల అదే పడిపోయింది. నా చెయ్యి జేబులోకి వెళ్లి ఫోను మీద ఆగింది.

ఫోను చేస్తే ఆయన కూడా ఎక్కుతాడు. కాళ్లు చాపుకుని, హాయిగా, పదకొండుకి ముందే చేరతాడు. నలభై నిమిషాల నిరీక్షణని ఒక జోకు చేసి కమిటీకి వినిపిస్తాడు. గది మళ్లీ నవ్వుతుంది.

లెక్క తీసేవాడు కల్పించుకోకూడదు, అది నియమం, అని నాకు నేను చెప్పుకున్నాను. చెయ్యి బయటికి రాలేదు. ఫోనూ రాలేదు.

తొమ్మిదీ నలభై రెండుకి చీఫ్ ఇంజనీరు ఫోను మోగింది. ఆఫీసు నుంచి. "బయల్దేరారా సార్? మేడం అడుగుతున్నారు" అన్న గొంతు నాకు కూడా వినిపించింది. ఆయన వాచీ చూసుకున్నాడు. నేను కాచుకున్న ముఖం అప్పుడు వచ్చింది. నుదురు, దవడ, పెదవుల మూలలు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి బిగిశాయి. అవతలి కొసలో ఆయనకీ ఒక మనిషి దొరికింది. నా కడుపు చల్లబడింది. అబద్ధం చెప్పను, ఆ క్షణంలో నాకు అక్క గుర్తులేదు.

ఆయన లేచి రోడ్డు దాకా వెళ్లాడు, తిరిగొచ్చాడు, మళ్లీ వెళ్లాడు. "ఏం సర్వే గారూ, వస్తుందా రాదా?"

"చెప్పలేం సార్."

"చెప్పలేం అంటే?"

"చక్రం కదిలిన దగ్గర్నుంచే మనకి లెక్క సార్."

నావైపు ఒక్క క్షణం నిలిచి చూశాడు. ఏదో తట్టినట్టుంది కానీ, తట్టిందాన్ని పట్టుకునే తీరిక ఆయనకి లేదు. డ్రైవరుకి ఫోను చేశాడు. కారు పదీ రెండుకి వచ్చింది. అప్పటికి అయిదుగురు విసుగెత్తి వెళ్లిపోయారు. నేను స్టాప్‌వాచీ చూసి, ఆయన పేరు పక్కన యాభై రెండు నిమిషాలని రాసి, ఆగి వెళ్లిపోయినవారు అన్న గడిలో ఆరు వేశాను. ఆ ఆరో అంకెని దిద్ది దిద్ది రాశాను.

ఆయన కారు తలుపు తీసి, మళ్లీ వెనక్కి తిరిగాడు. "అమ్మా, నీకు పదిన్నర అన్నావు కదూ? రా, ఎక్కు."

అక్క నావైపు చూసింది. రానా వద్దా అని అడిగే చూపు కాదది. ఏమిటో అప్పుడు నాకు తెలియలేదు. వెళ్లి కారెక్కింది. ఆరుని కొట్టేసి ఏడు చేశాను.

కారు కనుమరుగైన ఏడు నిమిషాలకి బస్సు వచ్చింది.

పదీ యాభైకి నేను మీటింగు గదిలో ఉన్నాను. చీఫ్ ఇంజనీరు కుర్చీ ఖాళీగా ఉంది. పదకొండు అయింది. కార్యదర్శి తల ఊపింది, అటెండరు తలుపు మూశాడు. నేను ఫైలుని ఛాతీకి అదుముకున్నాను. నాలుగు నిమిషాల తర్వాత తలుపుకున్న గరుకు అద్దం మీద ఒక ఆకారం వచ్చి ఆగింది. తెల్ల చొక్కా, భుజాలు. తట్టలేదు. తట్టకూడదని ఆయనకి తెలుసు.

"బస్సు సంగతి చెప్పండి" అంది కార్యదర్శి.

నేను లేచి ఫారం చదివాను. నిరీక్షణ యాభై తొమ్మిది నిమిషాలు, బస్సులో ముప్పై మూడు, నడక ఎనిమిది. మొత్తం వంద నిమిషాలు. ఆగి వెళ్లిపోయినవారు ఏడుగురు. "అందులో రోడ్ల శాఖ చీఫ్ ఇంజనీరు గారు ఒకరండీ. యాభై రెండో నిమిషంలో."

ముందు ఎవరో దగ్గారు. తర్వాత గది నవ్వింది. ఆరేళ్ల కిందటి నవ్వే. అదే గది, అవే గొంతులు. ఈసారి నేను నిలబడి ఉన్నాను, ఆయన అద్దం అవతల ఉన్నాడు. ఆ నవ్వుని గుక్క తిప్పుకోకుండా తాగాను.

కార్యదర్శి నవ్వలేదు. "కారులో పదీ రెండుకి బయల్దేరిన మనిషి, పదీ తొమ్మిదికి బస్సెక్కిన మీకంటే వెనక ఎందుకొచ్చాడు? నిన్న ఇదే దారిలో కారుకి నలభై రెండేగా పట్టింది?"

నా జేబులో ఫోను అంతకుముందే ఒకసారి కదిలింది. ఫైలు చాటున చూశాను. అక్క రాసింది. "టైముకే చేరాను. ఆయన గేటు దాకా దింపాడు. ఆయన దారి కాదట, చుట్టూ తిరిగి వెళ్లాలట. పాపం ఏదో మీటింగు ఉందన్నాడు."

ఆ మనిషి గుమ్మం బయట నిలబడింది మా అక్క కోసం. నా ఆరేళ్ల పని ఆమెని ఒక్కరోజు కూడా గేటు దాకా చేర్చలేదు. ఆయన ఒక్క పూటలో, నవ్వుతూ, పేరు కూడా తెలుసుకోకుండా చేర్చాడు. కృతజ్ఞత కలగాలి. నాకు కలిగింది అది కాదు. ఆయన మీద అంత ద్వేషం ఎర్ర పెన్ను నా గడుల మీద దిగిన రోజు కూడా కలగలేదు. నా దగ్గర మిగిలిన ఒక్క న్యాయాన్ని కూడా ఆయన దయతో కొట్టేశాడు.

"చెప్పండి" అంది కార్యదర్శి.

"ట్రాఫిక్ అయ్యుంటుందండీ" అన్నాను.

ఆవిడ రాసుకుంది. కారుకి ఒకరోజు నలభై రెండు, మర్నాడు అరవై రెండు. నమ్మదగినది కాదు. ఫ్లైఓవరు మీద కూడా ఆ కార్లే ఎక్కుతాయి కదా, దిగే చోట మళ్లీ ఆగుతాయి కదా, అని ఎవరో అన్నారు. పావుగంటలో బస్సుల వరస ఖాయమైంది. ఎనిమిది నిమిషాలకో బస్సు. ఇరవై రెండేళ్ల నౌకరీలో నేను రాయించిన మొదటి తప్పుడు లెక్క మీద.

బయటికొచ్చేసరికి చీఫ్ ఇంజనీరు వరండాలో గోడకి ఆనుకుని ఉన్నాడు. తన వాళ్లు ఏదో చెబుతుంటే వింటున్నాడు. నన్ను చూసి వేలెత్తాడు.

"గడియారం! అవును కదూ? స్టాపులో ఆ మాట అన్నప్పుడే అనుకున్నాను."

"అవును సార్."

"బాగా ఉచ్చు పెట్టావయ్యా." కోపం లేదు. అలసిపోయి ఉన్నాడు. "ట్రాఫిక్ అని రాశారట?"

కాదని ఆయన అంటాడనుకున్నాను. గదిలోకి వెళ్లి, ఒకావిడని దింపడానికి చుట్టూ తిరిగి వచ్చానని ఒక్క మాట చెబితే ఆ అరవై రెండు కొట్టుకుపోతుంది. చెప్పాలనే కోరుకున్నాననుకుంటాను. అప్పుడు మేమిద్దరం మళ్లీ ఎదురెదురుగా ఉండేవాళ్లం.

"పోనీ, ఆవిడ టైముకి చేరింది" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. వంటింటి గట్టు మీద కళ్లజోడు పెట్టి చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. అద్దాల పొడి రోజూ కళ్లలో పడుతుంది.

"వస్తోందటగా నీ బస్సు! టీవీలో చెప్పారు. ఎనిమిది నిమిషాలకొకటట."

"వస్తోంది."

"ఆ పెద్దాయనే నీ చీఫ్ ఇంజనీరని కారెక్కాక తెలిసింది. డ్రైవరు చెప్పాడు."

"ఊఁ."

"మంచాడేరా."

నేను గిన్నెల వైపు చూస్తూ కూర్చున్నాను. అక్క కళ్లజోడు పెట్టుకుని, ముక్కు మీద సర్దుకుని, నన్ను చూసింది. పొద్దున కారెక్కబోతూ చూసిన చూపే.

"రెండు లేట్లయ్యాయని నేను చెప్పినప్పుడు నువ్వు జేబులో చెయ్యి పెట్టావు."

నేను గట్టు మీది గిన్నె మూత సర్దాను.

"నేను ఇల్లు మారిన రోజు డిపోకి ఫోను చేసి బస్సు తెప్పించావు గుర్తుందా? అలా చేస్తావనుకున్నానురా. ఆయనతో మాటలు కూడా మధ్యలో ఆపేశాను, నువ్వు ఫోన్లో మాట్లాడేది వినబడాలని."

లెక్క తీసేవాడికి నియమం ఒకటుందని చెబుదామనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"ఎంతసేపురా, అలా చెయ్యి జేబులో ఉంచుకున్నావు?" అంది. నిష్ఠూరంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. నన్ను అడిగితే కచ్చితంగా చెబుతానని ఆమెకి తెలుసు.

ఆరు నిమిషాలు.

"తెలీదక్కా. చూసుకోలేదు" అన్నాను.